లివీ మాట ఒక్కటే చాలదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. క్రీ.పూ. 186లో రోమ్ సెనేట్, అంటే పెద్దల పాలనాసభ, మద్యదేవుడు బాకస్ భక్తుల మీద విరుచుకుపడిన ఉదంతం ఎంచుకున్నావు. చాలా సంతోషం. సాహిత్యం, మతం, సమాజం, తవ్వకాలు అన్నీ ఒకేచోట కలిసే ఘట్టాలు రోమన్ చరిత్రలో ఎక్కువ లేవు. కథ కూడా బిగువుగా నడిపావు. హిస్పాలా వణికిపోతూ రహస్యం బయటపెట్టేచోట నేనూ ఊపిరి బిగబట్టే చదివాను. అయితే ఆ బిగువు నీది కాదమ్మా, రోమన్ చరిత్రకారుడు లివీది. మొదటి పేరా నుంచి చివరిదాకా నీ వ్యాసంలో ఆయనొక్కడే మాట్లాడుతున్నాడు. నువ్వు మళ్ళీ కలం పట్టేముందు ఈ సంగతి వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

లివీ తన చరిత్ర 39వ పుస్తకంలో చెప్పిన కథని ఒకసారి విడదీసి చూడు. ఊరూపేరూ లేని గ్రీకువాడొకడు రోమ్‌కి ఉత్తరాన ఉన్న ఎట్రూరియాకి వచ్చి రహస్య పూజలు మొదలుపెడతాడు. అవి రోమ్‌కి పాకుతాయి. ఈబూషియస్ అనే కుర్రాడి ఆస్తిని సవతి తండ్రి తినేసి, లెక్క అప్పజెప్పాల్సి వస్తుందని, వాణ్ణి ఆ పూజల్లోకి దింపి పాడుచేయాలని చూస్తాడు. కన్నతల్లి కూడా అందుకు ఒప్పుకుంటుంది. ఆ కుర్రాడి ప్రియురాలు హిస్పాలా, ఒకప్పటి బానిస, ఇప్పుడు వేశ్య, వద్దని అడ్డుపడుతుంది. వాడు మేనత్తకి చెప్పుకుంటాడు. మేనత్త వాణ్ణి కాన్సుల్, అంటే రోమ్ అత్యున్నత అధికారి, పోస్టూమియస్ దగ్గరికి పంపుతుంది. కాన్సుల్ హిస్పాలాని తన అత్తగారింటికి పిలిపించి, బెదిరించి, బుజ్జగించి నోరు తెరిపిస్తాడు. అర్ధరాత్రి పూజలు, విషప్రయోగాలు, దొంగ వీలునామాలు, డప్పుల మోతలో కలిసిపోయే చావుకేకలు అన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఏడువేల మందికి పైగా ఇందులో ఉన్నారంటాడు లివీ.

మోసపోయిన కుర్రాడు, ఆస్తి కాజేసిన పెద్దమనిషి, మంచి మనసున్న వేశ్య. వీళ్ళంతా ఆనాటి రోమన్ హాస్యనాటకాల్లో తిరిగే పాత్రలే. పండితులు ఈ పోలికని ఎప్పుడో పట్టుకున్నారు. పైగా లివీ రాసింది ఆ సంఘటన జరిగిన ఒకటిన్నర శతాబ్దం దాటాక, ఆగస్టస్ చక్రవర్తి రోజుల్లో. పాత రోమ్ కట్టుబాట్లు ఎక్కడ సడలాయో చూపించడం ఆయన పెట్టుకున్న పని. పరాయి పూజలు, ఆడవాళ్ళ రాత్రి సమావేశాలు, దారి తప్పిన కుర్రాళ్ళు ఆ పనికి అచ్చంగా సరిపోయే సరుకు. కాబట్టి ఆయన చెప్పేది వాంగ్మూలం అనుకో. వాంగ్మూలం ఇచ్చినవాడి ముందు ఇంకో సాక్షిని నిలబెట్టాలి. నీ అదృష్టం, ఈ కేసులో ఆ సాక్షి ఉన్నాడు.

1640లో ఇటలీ దక్షిణాన, కలాబ్రియాలోని టిరియోలో అనే ఊళ్ళో భవనం కడుతుంటే ఒక కంచు పలక దొరికింది. ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. పెద్దదేమీ కాదు, ఒక్కో పక్క జానెడుకి కాస్త ఎక్కువ. దాని మీద ముప్పై పంక్తులు. సాక్షాత్తూ 186 నాటి సెనేట్ నిర్ణయాన్ని కాన్సుళ్ళు రాసి పంపిన ఉత్తర్వు అది. దాని ఫోటో సంపాదించి ఎదురుగా పెట్టుకుని చూడు. అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. ద్విత్వాలు ఉండాల్సినచోట ఒంటి అక్షరాలే కనిపిస్తాయి, లాటిన్‌లో ఆ అలవాటు ఇంకా స్థిరపడని కాలమది. చిట్టచివర మాత్రం పెద్ద అక్షరాల్లో ఈ ప్రతి ఏ ప్రాంతానికి చెందిందో చెక్కారు. ఆ చివరి పంక్తి చూస్తే ఉత్తర్వు నిజంగా ఊరూరా తిరిగిందని నీకే తెలుస్తుంది.

ఇక ఏముందో చదువు. బాకస్ పూజాస్థలం ఎవరూ ఉంచుకోకూడదు. తప్పదనుకునేవాళ్ళు రోమ్ వచ్చి నగర ప్రీటర్‌కి, అంటే న్యాయాధికారికి, విన్నవించుకోవాలి. సెనేట్‌లో కనీసం 100 మంది హాజరై ఉన్నప్పుడు తేల్చాలి. మగవాళ్ళు పూజారులుగా ఉండకూడదు. సంఘానికి పెద్ద ఉండకూడదు, ఉమ్మడి సొమ్ము ఉండకూడదు, ఒకరికొకరు ప్రమాణాలు చేసుకోకూడదు. అనుమతి లేకుండా ఐదుగురికి మించి, అంటే ఇద్దరు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళకి మించి, పూజకి కూడకూడదు. ఉత్తర్వు అందిన పది రోజుల్లో పూజాస్థలాలు తొలగించాలి, అక్కడ నిజంగా పవిత్రమైనది ఉంటే దాన్ని మినహాయించి. ధిక్కరించినవాళ్ళకి మరణశిక్ష.

ఇందులో విషం లేదు. హత్య లేదు. వ్యభిచారం ఊసే లేదు. పూజని ఆసాంతం నిషేధించను కూడా లేదు, ఐదుగురు చేసుకోవచ్చు. సెనేట్ కన్ను దేనిమీద పడిందో ఆ నిషేధాల జాబితాలోనే ఉంది. పెద్దలు, నిధి, ప్రమాణాలు, జనం. అంటే వ్యవస్థ. రోమ్ అధికారుల చేతిలో లేకుండా, ఊళ్ళ సరిహద్దులు దాటి, ఆడా మగా తేడా లేకుండా మనుషుల్ని ఒకచోటికి చేర్చే సంఘం. కార్తేజ్‌తో రోమ్ చేసిన రెండో ప్యూనిక్ యుద్ధం ముగిసి అప్పటికి పదిహేనేళ్ళు. కార్తేజ్ సేనాని హానిబల్ వచ్చినప్పుడు దక్షిణ ఇటలీలో చాలా ఊళ్ళు రోమ్‌ని వదిలి అతని పక్షం చేరాయి. అదే దక్షిణ ఇటలీకి, పూజ ఎలా చేసుకోవాలో కూడా మేమే చెబుతామని రోమ్ కంచు మీద చెక్కి పంపింది. నీ వ్యాసానికి అసలు విషయం ఇది అని నా నమ్మకం.

అలాగని లివీని పక్కన పారేయకు. కొత్తగా పరిశోధన వైపు వచ్చినవాళ్ళు చాలామంది అటు వెళ్తారు. 39వ పుస్తకంలోనే 18వ అధ్యాయం మళ్ళీ తెరువు. అక్కడ ఆయన తీర్మానం సారాంశం ఇస్తాడు. నగర ప్రీటర్, 100 మంది సెనేటర్లు, ఐదుగురి పరిమితి, ఉమ్మడి సొమ్ము, అన్నీ పలకతో సరిపోతాయి. ఆ పలక ఆయన చూసి ఉండడు, కానీ తీర్మానం పాఠం ఏదో ఒక దారిలో ఆయనదాకా వచ్చింది. మరుసటి అధ్యాయంలో హిస్పాలాకి, ఈబూషియస్‌కి చెరో లక్ష ఆస్‌లు, అంటే కంచు నాణేలు, బహుమానం, స్వతంత్రుడిగా పుట్టినవాణ్ణి పెళ్ళాడే హక్కు హిస్పాలాకి ఇచ్చారంటాడు. అంత చట్టపరమైన వివరం కట్టుకథలోంచి రావడం కష్టం. అంటే ఒకే రచయిత రాసిన ఒకే కథలో నాటకమూ ఉంది, దస్తావేజూ ఉంది. ఏ వాక్యం ఏ కోవకి చెందుతుందో తేల్చడమే నీ పని. పెన్సిల్ పట్టుకుని వాక్యం వాక్యం పక్కన గుర్తు పెట్టుకుంటూ చదువు. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

సమకాలీన సాహిత్యం కూడా ఉందని మరిచిపోకు. నాటకకర్త ప్లాటస్ అప్పటికింకా బతికే ఉన్నాడు. ఆయన ‘కాసినా’ నాటకంలో ముసలాయన తన తిప్పలకి బాకస్ భక్తురాళ్ళ మీద నెపం పెడితే, ఇప్పుడు వాళ్ళ ఆటలు సాగడం లేదుగా అని ఎదుటి పాత్ర అంటిస్తుంది. 186 తర్వాత రాసిన మాటే అని చాలామంది పండితులు అనుకుంటారు. ఒక్క పంక్తి, అయినా ఆ రోజుల్లో వీధిలో జనం ఏం మాట్లాడుకున్నారో వినిపిస్తుంది. ఇలాంటి పంక్తి దొరికితే నేను రోజంతా ఆనందంగా ఉంటాను.

ఇప్పుడు మట్టి సంగతి. రోమ్‌కి ఉత్తరాన బోల్సేనాలో ఫ్రెంచి బృందం తవ్వితే నేల కింద ఒక గది, అందులో కాల్చిన మట్టితో చేసిన సింహాసనం ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. అతికించి చూస్తే చిరుతలు, పసిపిల్లల బొమ్మలు, బాకస్ లోకానికి చెందిన అలంకారం. ఆ గది ధ్వంసమైంది క్రీ.పూ. 2వ శతాబ్దం తొలినాళ్ళలో. పది రోజుల గడువు గుర్తొచ్చి చేతులు దురద పెడతాయి కదూ, సైనికులు గొడ్డళ్ళతో దిగినట్టు ఒక సన్నివేశం రాసేయాలని. ఆగు. కుండపెంకులు కాలాన్ని దశాబ్దాల లెక్కన చెబుతాయి, సంవత్సరం చెప్పవు. కట్టడం కూలడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఆ గదికీ ఉత్తర్వుకీ ముడి ఉండవచ్చని రాయి, ఎందుకు ఉండవచ్చో రాయి, ఎందుకు కచ్చితంగా చెప్పలేమో కూడా అదే పేరాలో రాయి. పాఠకుడు దాన్ని నీ బలహీనత అనుకోడు. నిన్ను నమ్మడం అక్కడే మొదలుపెడతాడు.

సంఘటన జరిగిన సంవత్సరంతో వ్యాసం ఆపేయకు. మూడున్నర శతాబ్దాలు ముందుకి వెళ్తే, క్రీ.శ. 2వ శతాబ్దం నడుమ, రోమ్ దగ్గర టోర్రె నోవాలో బాకస్ భక్తులు అగ్రిపినిల్లా అనే పూజారిణికి విగ్రహం నిలబెట్టారు. ఆవిడ సెనేటర్ భార్య. విగ్రహం పీఠం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దానిమీద దాదాపు 400 మంది పేర్లు, హోదాలవారీగా, గ్రీకులో. అప్పుడు ఐదుగురు దాటితే నేరమైన పూజ, ఇప్పుడు పెద్దింటివాళ్ళ పెద్దరికం కింద వందలమందితో బాహాటంగా నడుస్తోంది. ఈ రెండు శాసనాలని పక్కపక్కన పెడితే వ్యాసానికి కొత్త ఊపు వస్తుంది.

శాసనాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అచ్చు ప్రతిలో చదరపు కుండలీకరణాలు కనిపిస్తే, లోపలున్నది రాతి మీద లేదు, సంపాదకుడు ఊహించి పూరించాడని అర్థం. గుండ్రని కుండలీకరణాలైతే చెక్కినవాడి పొడి అక్షరాలని విప్పి రాశారని. అక్షరం కింద చుక్క ఉంటే అది అస్పష్టమని. 1931లో లైడెన్‌లో కుదుర్చుకున్న పద్ధతి ఇది. అనువాదాల్లో ఈ గుర్తులు చాలాసార్లు ఎగిరిపోతాయి. అందుకే అనువాదం ఒక్కటే నమ్ముకుంటే ఎవరో పండితుడి ఊహని రోమన్ల మాటగా నువ్వు తెలుగులోకి మోసుకొస్తావు. లాటిన్ రాకపోయినా గుర్తులు చదవొచ్చు. నెమ్మదిగా లాటిన్ కూడా మొదలుపెట్టు, కంచు పలకలోని పదాలతోనే.

తేదీల విషయంలోనూ తొందర వద్దు. ఇటలీలోని పాంపే నగరాన్ని వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసింది క్రీ.శ. 79 ఆగస్టు 24న అని నువ్వొక చోట ఆధారం చెప్పకుండా రాసేశావు. ఆ తేదీ, విస్ఫోటనాన్ని చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరం రాతప్రతుల నుంచి వచ్చింది, ఆ ప్రతులన్నీ ఒకే మాట చెప్పవు. 2018లో పాంపే గోడ మీద బొగ్గుతో గీసిన రాత దొరికింది, అందులో అక్టోబరు 17కి సరిపోయే తేదీ ఉంది, సంవత్సరం లేదు. చాలామంది ఇప్పుడు విస్ఫోటనం శరదృతువులో అంటున్నారు. నువ్వు క్రీ.శ. 79 అని రాసి ఊరుకుంటే చాలు.

హిస్పాలా గురించి ఒక్క మాట. ఆమె బానిసత్వంలోంచి వచ్చిందని లివీ చెప్పి వదిలేస్తాడు, నువ్వూ వదిలేశావు. బానిసల గది ఎలా ఉండేదో రోమన్ రచయితలు మనకి చూపించాలనుకోలేదు. 2021లో పాంపే పక్కన చివిటా జులియానాలో అలాంటి గది దొరికింది. పదహారు చదరపు మీటర్లు. మూడు మంచాలు, రెండు పెద్దవి, ఒకటి పొట్టిది, పిల్లలకి సరిపడేది. అక్కడే రథానికి కట్టే సామాను. పైనెక్కడో చిన్న కిటికీ. ఇది హిస్పాలా కాలం కాదు, ఆమె ఊరూ కాదు, ఆ సంగతి స్పష్టంగా చెప్పి మరీ వాడు. కానీ బానిస అనే మాట రాసినప్పుడు నీ మనసులో ఆ పొట్టి మంచం ఉండాలి.

చివరిగా, బాకస్‌ని మన దేవుళ్ళతో పోల్చిన ఆ రెండు పేరాలు తీసెయ్. తెలుగు పాఠకుడికి దగ్గరవుతుందని పెట్టావని తెలుసు. 1784లోనే బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ గ్రీసు, ఇటలీ, భారతదేశ దేవతల్ని ఇలా జతలు కట్టాడు. ఆ దారిలో పోయి తేలిందేమీ లేదు, రెండువైపులా తేడాలు చెరిగిపోవడం తప్ప. రోమ్‌కీ మనకీ నిజమైన సంబంధమే కావాలంటే అది వ్యాపారంలో ఉంది, దానికి వేరే వ్యాసం రాయి. పాంపేలో 1938లో దొరికిన దంతపు స్త్రీమూర్తి నేపుల్స్ మ్యూజియంలో ఉంది. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షి అనేవాళ్ళు ఎక్కువ. దానికి దగ్గరి పోలికలున్న దంతపు బొమ్మ శాతవాహనుల నాటి భోకర్దన్‌లో, మహారాష్ట్రలో, దొరికింది. గ్రీకు నావికుడి సముద్రయాన గ్రంథం ‘పెరిప్లస్’ మన కృష్ణా తీరాన్ని మసాలియా అని పిలిచి అక్కడి సన్నబట్టల గురించి చెబుతుంది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల కుండే దొరికింది. ఆ విషయం మీద కూర్చుంటే నేను చేతనైన సాయం చేస్తాను, నా దగ్గరున్న పుస్తకాలు తీసుకెళ్ళు.

ముందు ఈ వ్యాసం పూర్తిచెయ్. కంచు పలక పాఠం మొత్తం తెలుగులోకి తెచ్చి వ్యాసంలోనే పెట్టు, ముప్పై పంక్తులేగా. పత్రికవాళ్ళు నిడివి ఎక్కువైందంటే హిస్పాలా సన్నివేశంలో కోత పెట్టు, పలకని ముట్టుకోకు. లివీ 18వ అధ్యాయం, పలక, రెండూ ఎక్కడెక్కడ కలుస్తాయో ఒక కాగితం మీద రాసి ముసాయిదాతో పాటు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి