ఉలికి గ్రైండర్ పట్టింది ముందా, మెసేజ్ పెట్టింది ముందా?

ప్రశ్న: మాది తెనాలి. వడ్రంగం మా తాతల నాటి వృత్తి. సొరుగులకు డవ్‌టైల్ జాయింట్లు (పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి బిగిసే చెక్క అతుకులు) ఇప్పటికీ చేత్తోనే కోస్తాను. నాన్న పాత సామాన్లు అమ్మి, హైదరాబాద్ షాపు ఒకదాని నుంచి నాలుగు ఉలులు, ఒక డవ్‌టైల్ రంపం రూ.14,500కు తెప్పించుకున్నాను. ‘పది రోజులు వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి పంపండి’ అని షాపాయన వాట్సాప్‌లో రాశాడు. టేకు మీద కొట్టగానే రెండు ఉలుల అంచులు మడత పడ్డాయి. రంపం గీత తప్పుతోంది. చెబితే ‘వాడిన సరుకు తీసుకోం’ అన్నాడు. ఒక ఉలిని గ్రైండర్ మీద పట్టాను, అంచు నీలం తిరిగింది. మిగతావి పెట్టెలో ఉన్నాయి. కొని ఇరవై నెలలైంది. వృత్తి కోసం కొన్నాను కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేనా?

జవాబు: నాన్నగారి సామాన్ల గురించి మీ ఉత్తరంలో ఒక పేజీ ఉంది. గ్రైండర్ గురించి ఒక్క వాక్యం. కేసు ఉన్నది ఆ వాక్యంలోనే. ‘నచ్చకపోతే వెనక్కి ఇవ్వండి’ అనే షరతుతో సరుకు వచ్చినప్పుడు, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం మీరు ఒప్పుకున్నట్టు చెప్పినా, సొంత సరుకులా దాన్ని మార్చేసినా, గడువులోగా వద్దని చెప్పకపోయినా అది మీ సొంతమైపోతుంది. వాడి చూడటం తప్పు కాదు, చూడమన్నది ఆయనే. నూనె రాయి మీద పదును పెట్టుకోవడమూ మామూలే. గ్రైండర్ మాత్రం వేరు, అది సరుకును సొంతదానిలా మార్చేయడం కిందికి వస్తుంది.

‘వద్దు, తీసుకోండి’ అని మెసేజ్ ఏ రోజు పెట్టారు? ఉలిని గ్రైండర్ మీద ఏ రోజు పట్టారు? రెండు తేదీలూ రాయలేదు. పది రోజుల్లోపు మెసేజ్ పెట్టి, తర్వాత గ్రైండర్ పట్టి ఉంటే డబ్బు వాపసు అడగడానికి గట్టి ఆధారం ఉంది. గ్రైండర్ ముందైతే, మిగిలిన ఉలుల నాణ్యతాలోపం మీదే నిలబడాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకుని ఉంటే అది నిరూపించడం కష్టం.

నీలం తిరిగిందంటే ఉక్కు వేడెక్కి గట్టిదనం పోయిందని మీకు నేను చెప్పక్కర్లేదు. ‘ఉలిని మెత్తబరిచింది ఈయన గ్రైండరే’ అని అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే అంటాడు. వృత్తిలో ఉన్న మనిషి వివాదంలో ఉన్న వస్తువును అలా పాడు చేసుకోవడమేంటి? ఆ నీలాన్ని ఎమెరీ కాగితంతో రుద్దేసి ఇస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రంగు పోతుంది కానీ మెత్తదనం పోదు, గట్టిదనం పరీక్షలో బయటపడుతుంది. పైగా తప్పుడు సాక్ష్యం సృష్టించిన నేరానికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ ఉలిని విడిగా కట్టి, జరిగింది జరిగినట్టు ఫిర్యాదులో మీరే రాయండి.

మడత పడ్డ రెండో ఉలి, వాడని రెండు ఉలులే మీ బలం. వాటిని ముట్టుకోకండి. లోపం పరీక్షతో తప్ప తేలనిదైతే, నమూనాను ల్యాబ్‌కు పంపే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. పంపమని దరఖాస్తు పెట్టండి. రంపం సంగతి వదిలేయడం మంచిది. గీత తప్పింది రంపం వల్లా, చేతి వల్లా అన్న చర్చలో అసలు కేసు పలచబడుతుంది.

వృత్తి కోసం కొన్నానని దాచకండి. జీవనోపాధికి స్వయంగా వాడుకునేవాడూ వినియోగదారుడే. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ హోదా పోదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీకు మిగిలింది మహా అయితే నాలుగు నెలలు. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు, షాపాయన ‘చూద్దాం’ అన్నా ఆగదు. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు చూడండి. తర్వాత గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయండి, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బిల్లు, డబ్బు పంపిన ఆధారం జతచేయండి. వాట్సాప్ సంభాషణ మొత్తం ప్రింటు తీసి, ఆ ప్రింటు అసలైనదేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో పెట్టండి. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయించకండి. ధర వాపసు, అది కుదరకపోతే గ్రైండర్ పట్టని ఉలులకు బదులు కొత్తవి, వాటితో పాటు ఖర్చులు అడగండి. మానసిక క్షోభకు లక్షలు అడిగితే ఫిర్యాదు బరువు తగ్గుతుంది.