మగపిల్లికి మూత్రం రాకపోతే ఏం చేయాలి?

తిరుపతిలో ఎండలు ముదిరాక తమ మగపిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతోందని, అది మలబద్ధకమేనా అని ఒకరు అడిగారు. దయచేసి అలా అనుకుని ఆముదం పట్టవద్దు. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది కనుక మూత్రంలోని స్ఫటికాలో, జిగురు పదార్థమో అడ్డుపడి మూత్రం ఆగిపోతే, ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పొత్తికడుపు బంతిలా గట్టిగా తగిలితే నొక్కకుండా, పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, దగ్గరలోని పశువైద్యుని వద్దకు గానీ వెంటనే తీసుకువెళ్లండి, తెల్లవారనిద్దామని ఆగవద్దు. నొప్పికని పారాసిటమాల్ అసలే వేయకండి, పిల్లులకు అది విషం. కోలుకున్నాక పొడి మేత తగ్గించి తడి ఆహారం పెట్టండి, ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు ఉంచండి. ఈ అడ్డంకి మళ్లీ రావచ్చు కాబట్టి తొట్టిలో తడి ఇసుక ముద్దలు పడుతున్నాయో లేదో రోజూ చూడండి.