పాత స్టేడియాన్ని తిరిగి కట్టేటప్పుడు దాని చారిత్రక రూపాన్ని కాపాడవచ్చా?

కాపాడవచ్చు. అయితే దేన్ని ఉంచాలో పని మొదలవక ముందే తేల్చుకోవాలి. లండన్‌లోని హైబరీ ఫుట్‌బాల్ స్టేడియం దీనికి మంచి ఉదాహరణ. 2006లో ఆర్సెనల్ క్లబ్ అక్కడి నుంచి వెళ్లిపోయాక స్టేడియాన్ని ఫ్లాట్లుగా మార్చారు. 1936 నాటి ఆర్ట్ డెకో ఈస్ట్ స్టాండ్‌కు అప్పటికే చట్టపరమైన రక్షణ ఉంది, ప్రత్యేక అనుమతి లేకుండా కూల్చడానికి వీల్లేదు. అందుకే దాని ముఖభాగాన్ని అలాగే ఉంచి లోపల ఇళ్లు కట్టారు. ఎదురుగా ఉన్న వెస్ట్ స్టాండ్ ముఖభాగాన్నీ ఉంచారు. గోల్‌పోస్టుల వెనక ఉండే రెండు స్టాండ్లు మాత్రం పోయాయి. ఆట మైదానం తోటయింది. నా దృష్టిలో తెలివైన పని ఇదే. మధ్యలో ఆ ఖాళీ లేకపోతే అది ఒకప్పుడు స్టేడియమని ఎవరికీ తోచదు.

గోడలు ఉంచినంత మాత్రాన సరిపోదు. అమెరికాలో షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో 1920ల నాటి స్తంభాల వరసలు ఉంచి, లోపల కొత్త గ్యాలరీలు కట్టి 2003లో తెరిచారు. అవి స్తంభాల మీదుగా పైకి లేచి కనబడతాయి. పాత స్వరూపం పోయిందని 2006లో దాని జాతీయ చారిత్రక హోదా తీసేశారు.

చట్టం రక్షించే కట్టడాల జాబితాలో ఉన్నా పూర్తి భరోసా లేదు. లండన్‌లోని పాత వెంబ్లీ స్టేడియం జంట గోపురాలు ఆ జాబితాలోవే, అయినా 2003లో అనుమతితోనే కూల్చారు.