మడతల పటం నుంచి కాగితపు పురుగు

ప్రశ్న: ఓరిగామి కొమ్ముల పురుగు కోసం మడతల పటం సంపాదించాను గానీ, ఏ గీత తర్వాత ఏది మడవాలో అందులో లేదు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ఆ పటంలో వరుసక్రమం ఉండదు, విప్పి పరచిన కాగితంపై మిగిలే గీతలనే అది చూపుతుంది, అదీ చాలావరకు కాళ్లు, కొమ్ములు వేరుపడిన మూలరూపం వరకే. ముందుగా గీతలన్నింటినీ ఒక్కొక్కటిగా మడిచి విప్పి, ఏది ఎత్తు మడతో (గీత పైకి లేచేది), ఏది పల్లపు మడతో (గీత లోపలికి దిగేది) చూసి ఆ దిశకు తిప్పుకున్నాక, అన్నింటినీ దాదాపు ఒకేసారి ముడుచుకోనివ్వాలి; ఓపికకు అసలు పరీక్ష ఇక్కడే. అనుమానం వచ్చిన చోట మాయెకావా సిద్ధాంతం ఆదుకుంటుంది: చదునుగా మడతపడే కాగితంలో, అంచున కాక లోపల గీతలు కలిసే ప్రతి బిందువు వద్ద ఎత్తు, పల్లపు మడతల సంఖ్యల మధ్య తేడా సరిగ్గా 2 ఉండాలి. తొలిసారికి పెద్ద, పలుచని కాగితమే మేలు. కాళ్ల వంపులను పటం గీసినవారు మీ నేర్పుకే వదిలేశారు.