మెలటోనిన్ గమ్మీలతోని నెలసరి వెనక్కి పోతదా?

మీరు రాసిన వివరాలు ఇవి: వయసు 29, హన్మకొండల నర్సు ఉద్యోగం, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. మూడు నెలల సంది 10 మి.గ్రా. మెలటోనిన్ (నిద్ర హార్మోన్), అశ్వగంధ కలిసిన గమ్మీ, అంటే నమిలే జెల్లీ బిళ్ల. ఇదివరకు 28, 30 రోజులకు వచ్చే నెలసరి ఇప్పుడు 40 దాకా పోతున్నది. థైరాయిడ్ గోలీ 50 మైక్రోగ్రాములది, పరిగడుపున గ్యాస్ క్యాప్సూల్ కూడా నడుస్తున్నయ్. పిల్లల కోసం చూస్తున్నరు. గమ్మీ వల్లనే ఇట్లయిందా అని అడిగిన్రు.

మెలటోనిన్ మీద నాకు అన్నిటికన్నా తక్కువ అనుమానం. గ్యాస్ క్యాప్సూల్ మీద ఎక్కువ. ఏ మందును అనుమానించినా ముందుగాల ప్రెగ్నెన్సీ కార్డు చూడాలె. పొద్దున లేవంగనే వచ్చే మూత్రం, కార్డు మీద రాసినన్ని చుక్కలు, 5 నిమిషాలు ఆగి చూసుడు. ఒక్క గీతే వస్తే రెండు మూడు రోజులాగి మళ్ల చేయాలె. నైట్ డ్యూటీ వారంల అయితే పగటి నిద్ర లేచినంక వచ్చే మొదటి మూత్రం పనికొస్తది, గంటల తరబడి ఆగిన మూత్రం కావాలె, అంతే.

తర్వాత క్యాలెండర్ ముందర పెట్టుకోండి. అండం విడుదలైన రోజు నుంచి నెలసరి దాకా 12–14 రోజులు, ఇది పెద్దగ మారదు. సాగేదైనా తగ్గేదైనా మొదటి సగమే. అంటే 28 రోజుల లెక్క ఉన్నామె 20వ రోజు గమ్మీ మొదలుపెట్టి, ఆ నెలనే డేటు దాటిందంటే దానికి గమ్మీ కారణం కాకపోవచ్చు, మామూలుగ అండం అప్పటికే విడుదలై ఉంటది. ఇంకో తిరకాసు ఉన్నది. అండం విడుదలైనంక ప్రొజెస్టరాన్ హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతది. డేటుకు ముందు వారం నిద్ర చెడేదానికి అదొక కారణం, మన ఎండకాలమైతే చెప్పనే వద్దు. చాలామంది సరిగ్గ ఆ వారమే నిద్ర గోలీ కొంటరు. తర్వాత నెలసరిల ఏ తేడా వచ్చినా ఆ గోలీ మీదనే పడుతది. మందుల దుకాణం కౌంటర్ మీద రోజూ వినేది ఇదే.

ఇగ మెలటోనిన్ సంగతి. చీకటి పడ్డంక మెదడుల పీనియల్ గ్రంథి దీన్ని వదులుతది, రాత్రి 2 నుంచి 4 మధ్య ఎక్కువుంటది. ఒంట్ల ఒక రాత్రికి తయారయ్యేది కొన్ని పదుల మైక్రోగ్రాములే. మీ గమ్మీల ఉన్నది 10,000 మైక్రోగ్రాములు. అందరి ఫోన్లల్ల తిరిగే 'మెలటోనిన్ గర్భనిరోధకం' అనే మాటకు మూలం నెదర్లాండ్స్‌ల చేసిన పరిశోధన, 1992ల అచ్చయింది. అందుల ఆడోళ్లకు రోజుకు 300 మి.గ్రా. ఇచ్చిన్రు, నెలల తరబడి. అండం విడుదలకు సిగ్నల్ ఇచ్చే ఎల్‌హెచ్ తగ్గింది. 3 మి.గ్రా. గోలీకి ఆ లెక్క కట్టుడు తప్పు.

దీని కథ ఇంకో దిక్కు కూడా ఉన్నది. అండం పెరిగే సంచిల నీళ్లల్ల మెలటోనిన్ రక్తంల కన్నా ఎక్కువుంటది, అండాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతదని అనుకుంటరు. 2008ల జపాన్ డాక్టర్లు ఐవీఎఫ్ (ల్యాబ్‌ల పిండం తయారుచేసే చికిత్స) వాళ్లకు రాత్రి 3 మి.గ్రా. ఇచ్చి ఫలదీకరణ మెరుగైందని రాసిన్రు. కానీ ఆస్ట్రేలియాల 160 మందికి రోజుకు రెండుసార్లు 2, 4, 8 మి.గ్రా. లెక్కన, కొందరికి మందు లేని ఉత్త గోలీలు ఇచ్చి చూస్తే గర్భం నిలిచేదాంట్ల తేడా కనవడలేదు. అది 2018ల వచ్చింది. పిల్లలు కావాలని దీన్ని కొనకండి, పిల్లలు కారని దీనికి భయపడకండి.

నా అభ్యంతరం 10 మి.గ్రా. మోతాదు మీద, గమ్మీ రూపం మీద. 2023ల అమెరికాల 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 రకాల లేబుల్ తప్పు. రాసినదాంట్ల 74 శాతం నుంచి 347 శాతం దాకా మెలటోనిన్ ఉన్నది. ఇక్కడ కూడా డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉంటే అది ఆహారం కింద అమ్ముతున్నది, మందు కింద కాదు అని అర్థం. 3 మి.గ్రా. మామూలు గోలీ తీసుకొని సగం చేసుకుంటే చాలు. నెమ్మదిగ విడుదలయ్యే రకం మాత్రం విరగ్గొట్టొద్దు. తిన్నంక కనీసం రెండు గంటలాగాలె. మెలటోనిన్ ఒంట్ల ఉన్నప్పుడు తింటే చక్కెర సరిగ్గ దిగదు, పీసీఓఎస్ (అండాశయాలల్ల నీటి బుడగల సమస్య) ఉండి చక్కెర మందు మెట్‌ఫార్మిన్ వాడేటోళ్లకు ఇది ఇంకా ముఖ్యం. డ్యూటీ అయిపోంగనే హాస్పిటల్లనే వేసుకొని స్కూటీ ఎక్కొద్దు. ఇంటికొచ్చి, కిటికీకి మందపు పరదా కట్టి, పండుకునే అరగంట ముందు వేసుకోవాలె. ఒక వారం పొద్దున 9కి, ఒక వారం రాత్రి 10కి వేసుకుంటుంటే ఒంటి గడియారం ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు జరుగుతది. అందుకే షిఫ్ట్ మారిన మొదటి మూడు నాలుగు రోజులకే వాడి ఆపుడు మంచిది.

ఇప్పుడు గ్యాస్ క్యాప్సూల్. అట్ట తిప్పి వెనక చదవండి. పేరు చివర డీఎస్ఆర్ అని ఉంటే దాదాపు డాంపెరిడోన్ (వాంతుల మందు) కలిసినట్టు. ఎల్, ఎల్ఎస్ లాంటి అక్షరాలుంటే లెవోసల్పిరైడ్ (కడుపు కదలిక పెంచే మందు) ఉందేమో చూడాలె. ఈ రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచుతయ్. బిడ్డకు పాలిచ్చేటప్పుడు పెరిగే హార్మోన్ అది. అది పెరిగితే మెదడు నుంచి అండాశయానికి పోయే సిగ్నల్ మందగిస్తది, అండం ఆలస్యమైతది, నెలసరి 40, 50 రోజులకు పోతది. కొందరికి పిల్లలు లేకున్నా రొమ్ముల నుంచి పాలు కారుతయ్. డాక్టర్ వారానికి రాసిచ్చిన క్యాప్సూల్‌ను ఏడాది వాడేటోళ్లు మన దగ్గర తక్కువ కాదు.

ప్రొలాక్టిన్ పరీక్ష నిద్ర లేచినంక రెండు మూడు గంటలకు, ఏం తినకుండ ఇవ్వాలె. నిద్రల ఈ హార్మోన్ ఎట్లాగూ పెరుగుతది, కాబట్టి నైట్ డ్యూటీ తర్వాత కాసేపు కునుకు తీసి అట్లనే ల్యాబ్‌కు పోతే లెక్క తప్పొస్తది. 25 (మి.లీ.కు నానోగ్రాములు) దాటి కొంచెం ఎక్కువొస్తే, డాక్టర్‌కు చెప్పి ఆ క్యాప్సూల్ మూడు రోజులు ఆపి మళ్ల చేయించుకోండి. మంట ఒక్కటే బాధ అయితే ఆ రెండు మందులు కలవని ఉత్త పాంటోప్రజోల్ (కడుపుల యాసిడ్ తగ్గించే మందు) సరిపోతదేమో అడగండి.

అశ్వగంధ, మన ఊళ్లల్ల పెన్నేరు అంటరు, మీకు పనికిరాదు. అది థైరాయిడ్ హార్మోన్‌ను కొంత పెంచుతది. పైనుంచి థైరాయిడ్ గోలీ ఉండనే ఉన్నది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర ఇంకా చెడుడు, నెలసరిల తేడా ఇవన్నీ దాంతోని రావచ్చు. గర్భం కోసం చూస్తున్నప్పుడు, గర్భంల ఉన్నప్పుడు దాన్ని వాడొద్దనే జాగ్రత్త ఎట్లాగూ ఉన్నది. ఆపిన ఆరు వారాలకు థైరాయిడ్ రక్త పరీక్ష టీఎస్‌హెచ్ చేయించండి, పిల్లల కోసం చూసేటోళ్లకు చాలామంది డాక్టర్లు 2.5 లోపల ఉండాలంటరు. గమ్మీల బయోటిన్ అనే విటమిన్ కూడా ఉంటే పరీక్షకు రెండు రోజుల ముందే బంద్ పెట్టాలె, లేకుంటే థైరాయిడ్ లెక్కలు తారుమారైతయ్. అశ్వగంధ బదులు మెగ్నీషియం తీసుకుంటే తప్పు లేదు, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం వద్దు. థైరాయిడ్ గోలీకి, మెగ్నీషియంకు నడుమ నాలుగు గంటల ఎడం పెట్టండి.

నైట్ డ్యూటీని కూడా వదిలేయలేం. ఎల్‌హెచ్ ఒక్కసారిగ పెరుగుడు చాలామందిల తెల్లారుజామునే మొదలైతది, షిఫ్టులు మారుతుంటే అది కుదురుగ ఉండదు. మారే షిఫ్టులు చేసే నర్సులల్ల నెలసరి తప్పుడు ఎక్కువని అమెరికా నర్సుల మీద చేసిన పెద్ద సర్వేల తేలింది. కుదిరితే రెండు నెలలు ఒకటే షిఫ్ట్ అడిగి చూడండి, ఏ మందు ఆపినా రాని జవాబు దాంతోని రావచ్చు.

ఒక మాట అడగకున్నా చెప్తున్న. నిద్ర కోసం ఇంట్ల పెద్దోళ్లు కల్లు తాగమంటే వద్దనండి. మన దిక్కు మందు కల్లుల అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతరు. అలవాటైనోళ్లు ఒక్కసారే బంద్ పెడితే ఫిట్స్ వస్తయ్, డాక్టర్ చేతుల మీద తగ్గించాలె. పాలల్ల చిటికెడు జాజికాయ వేరే సంగతి, చెంచాడు పొడి మాత్రం విషమే.

ఆర్నెల్లో ఏడాదో ఆగుమనే సలహా నెలసరి సరిగ్గ వచ్చేటోళ్లకు. వరుసగ 35 రోజులు దాటుతుంటే ఇప్పుడే చూపించుకోండి, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రైనా, మట్టెవాడ సీకేఎం ఆస్పత్రి అయినా. రాసుకున్న డేట్లు, అన్ని అట్టలు, గమ్మీ డబ్బా తీసుకపోండి. నెలసరి రెండో రోజో మూడో రోజో అండాన్ని నడిపే హార్మోన్ల పరీక్షలు ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఇస్తరు. ప్రొజెస్టరాన్‌కు '21వ రోజు' అని చీటీ మీద ఉంటే ఆగి అడగండి. అది 28 రోజుల లెక్క. 40 రోజులకు వచ్చేటోళ్లకు 33వ రోజు సుమారు చేయాలె, 21వ రోజు చేస్తే తక్కువొచ్చి అండమే కాలేదని ఉత్తగ భయపెడతది.

కార్డు మీద రెండు గీతలు వస్తే గమ్మీ ఆ రోజే బంద్. తెలువక కొన్ని రోజులు వేసుకున్నందుకు గాబరా పడొద్దు, డాక్టర్‌కు చెప్తే చాలు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే మొదలుపెట్టాలె. థైరాయిడ్ గోలీ మాత్రం ఆపొద్దు, గర్భం నిలవంగనే దాని మోతాదు పెంచాల్సి వస్తది, కాబట్టి మొదటి నెల చెకప్‌కు ఆగకుండ ఆ వారమే ఫోన్ చేసి అడగండి.