మట్టి తామర, మొగ్గ నుంచి దుద్దు దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: జపాన్‌లో ఒక బౌద్ధ స్మారక మందిరంలో, అస్థికలు భద్రపరిచే గది గోడ నిండా పింగాణీ తామరలు చూశాం. సగానికి సగం విచ్చుకోని మొగ్గలే. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అలాంటి గదిలో అసలు మాట చెప్పేవి మొగ్గలే. సుఖావతిని, అంటే అమితాభ బుద్ధుడి స్వర్గధామాన్ని నమ్మే తూర్పు ఆసియా బౌద్ధుల దృష్టిలో, పోయినవాళ్ళు అక్కడి కొలనులో తామరపువ్వు లోపల మళ్ళీ పుడతారు. ఆ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందనేది వాళ్ళు బతికిన తీరును బట్టి ఉంటుంది. అమితాయుర్ధ్యాన సూత్రం అనే బౌద్ధ గ్రంథం దీన్ని తొమ్మిది మెట్లుగా చెప్పింది. పై మూడు మెట్లలో చివరిదానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలు. కింది మూడింట్లో మొదటిదానికి 49 రోజులు. అట్టడుగు మెట్టుకి 12 మహాకల్పాలు, అంటే ఊహకందనంత దీర్ఘకాలం. ఎంత ఆలస్యమైనా, విచ్చుకోని పువ్వంటూ ఉండదు. అయినవాళ్ళ అస్థికల ముందు నిలబడ్డ మనిషికి మొగ్గ ఇచ్చే ధైర్యం అదే. జపాన్‌లో ఊజీ పట్టణంలోని బ్యోదోయిన్ ఆలయంలో 1053లో కట్టిన ఫీనిక్స్ హాలు తలుపుల మీద ఈ తొమ్మిది మెట్లనే బొమ్మలుగా వేశారు.

శ్రీలంక, థాయ్‌లాండ్ లాంటి చోట్ల ఉండే థేరవాద బౌద్ధుల దగ్గర పోలిక వేరు. తామరాకు మీద నీటిబొట్టులా కోరికలకు అంటుకోనివాడి గురించి ధమ్మపదం 401వ గాథ చెబుతుంది. ఆ సంప్రదాయపు విహారానికి పనిచేస్తుంటే పువ్వుతో పాటు ఆకునూ మలచండి. అయితే అది తామరాకే కావాలి. కలువాకుకి అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. తామరాకు పూర్తి గుండ్రం, కాడ నడిమధ్యన అతుక్కుంటుంది. ఈ తేడా తెలియక కలువాకుల మధ్య తామరపువ్వు పెట్టిన ప్యానెళ్ళు చాలానే కనిపిస్తాయి.

ప్రశ్న: అమరావతిలో తామరలు రాతిలో ఉన్నాయి. మట్టిలోకి ఎప్పుడొచ్చాయి?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అమరావతి స్తూపం కంచె స్తంభాల మీద నడుమ నిండు తామర, పైనా కిందా సగం తామరలు కనిపిస్తాయి. అది పలనాటి సున్నపురాయి. మట్టి పనికి గట్టి ఆనవాళ్ళు చైనాలో ఉన్నాయి. హెబెయ్‌లోని ఫెంగ్ వంశపు సమాధుల నుంచి 1948లో బయటపడ్డ ఆరో శతాబ్దపు ఆకుపచ్చ గ్లేజ్ (గాజులాంటి పూత) జాడీలకు తామరరేకులు పొరలు పొరలుగా చుట్టి ఉంటాయి. ఇక 588లో కొరియాలోని పెక్చే రాజ్యం నుంచి జపాన్‌కి వచ్చిన పనివాళ్ళలో నలుగురు పెంకుల నిపుణులు. తొలి బౌద్ధాలయం ఆసుకాదెరా చూరు అంచున గుండ్రటి పెంకుల మీద తామర పూసింది వాళ్ళ వల్లే.

ప్రశ్న: విహారం స్మారక గదికి 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు తామర ప్యానెల్ చేస్తున్నాం. రేకులు దుద్దు (పువ్వు నడుమ గింజలుండే భాగం) దగ్గర చీలుతున్నాయి. ఒక దుద్దు బట్టీలో పేలి ముక్కలైంది.
– ఇద్దరు పాఠకులు, విశాఖపట్నం

జవాబు: రెండు ఇబ్బందులకీ మూలం తడే. రేకులు ముందు చేసి పక్కన పెట్టి, తర్వాత పచ్చి దుద్దుకి అతికిస్తే, రేకు కుంచించుకోవడం అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. దుద్దు ఇంకా మొదలెట్టదు. ఆ లాగుడుకి అతుకే తెగుతుంది. రెండూ ఒకే తడిలో ఉండాలి: వేలితో నొక్కితే గుంట పడకూడదు, చాకు మాత్రం తేలిగ్గా దిగాలి. రెండు వైపులా గీతలు గీసి, అదే మట్టిని నీళ్ళలో కలిపి చేసిన చిక్కటి స్లిప్ రాసి, అదిమి, వెనక సన్నటి మట్టి తాడు పెట్టి నున్నగా చేయండి. రేకు మొదలు 8 మిల్లీమీటర్లు, కొన 4 ఉంటే చాలు. కొనలు ముందే ఆరిపోయి మెలిపడతాయి కాబట్టి వాటికి మాత్రం పాలిథిన్ చుట్టి ఉంచండి. మొత్తం పని అడుగున న్యూస్‌పేపర్ పరిస్తే, కుంచించుకునేటప్పుడు మట్టి బల్లకి పట్టుకోకుండా జరుగుతుంది. ఇంత పనికి రెండు వారాల నీడ ఆరుదల అవసరం.

దుద్దు పేలింది లోపల గాలి ఉండటం వల్ల అని చాలామంది అంటారు. పేల్చేది గాలి కాదు, మందపాటి మట్టి నడుమ మిగిలిన నీరు ఆవిరి కావడం. దుద్దుని వెనక నుంచి తొలిచి గోడ 1.5 సెంటీమీటర్లకి తెచ్చి, ఆవిరి పోవడానికి గింజల గుంటల్లో ఒకటి రెండింటిని ఇటు నుంచి అటు దాకా పొడవండి. మట్టిలో నాలుగో వంతు గ్రాగ్ (కాల్చి పొడి చేసిన మట్టి) కలపండి. మొదటి కాల్పులో 100 డిగ్రీలు దాటకుండా రాత్రంతా ఉంచి, ఆ తర్వాతే పెంచండి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా సైజు మారుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పనికిరాదు. 980 దగ్గర ఆపేయొచ్చు.

కొలతలు వేసేముందు మీ మట్టి బద్ద మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, చివరి కాల్పు దాకా కాల్చి చూడండి. గీత 8.8కి తగ్గితే కుంచింపు 12 శాతం. అప్పుడు 183 సెంటీమీటర్ల ప్యానెల్ కోసం పచ్చి మట్టిలో 208 కావాలి. పలకలుగా కోసేటప్పుడు చతురస్రాలు వద్దు. రేకు అంచుల వెంబడే కోస్తే అతుకు కంటికి కనపడదు. వెనక నంబర్లు చెక్కడం మరవకండి.

ప్రశ్న: సెలడాన్ (తూర్పు ఆసియా పింగాణీ మీద కనిపించే లేత ఆకుపచ్చ గ్లేజ్) రంగు కోసం గ్లేజ్‌లో 2 శాతం ఐరన్ ఆక్సైడ్ వేశాం. తేనెరంగు వచ్చింది. గులాబీ రేకులు బూడిదరంగుకి తిరిగాయి.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎలక్ట్రిక్ బట్టీలో ఆక్సిజన్ దండిగా ఉంటుంది కాబట్టి ఇనుము తేనెరంగే ఇస్తుంది. ఆకుపచ్చ కావాలంటే గ్యాస్ బట్టీలో, గ్లేజ్ కరగకముందే, దాదాపు 1000 డిగ్రీల నుంచి గాలి తగ్గించి కాల్చాలి. మట్టి తెల్లగా ఉండాలి, ఎర్రమట్టి మీద మసక పడుతుంది. గ్యాస్ బట్టీ దొరక్కపోతే సెలడాన్ స్టెయిన్ (తయారుగా దొరికే రంగుపొడి) వాడండి. అసలు సెలడాన్‌లోని లోతు మాత్రం దానికి రాదు. రేకు అంచు పక్కన కత్తిని ఏటవాలుగా పట్టి గీస్తే, ఒకవైపు లోతుగా, ఒకవైపు పలచగా గాడి పడుతుంది. గ్లేజ్ ఆ లోతులో నిలిచి ముదురవుతుంది. చైనాలోని లాంగ్‌చువాన్ సెలడాన్ గిన్నెల బయటి తామరరేకులు అంత సజీవంగా కనిపించేది ఇలాంటి చెక్కుడు వల్లే.

గులాబీకి క్రోమ్-టిన్ స్టెయిన్ వాడి ఉంటారు. గ్లేజ్‌లో జింక్ ఉంటే ఆ రంగు చచ్చిపోతుంది. జింక్ లేని, కాల్షియం బాగా ఉన్న గ్లేజ్‌కి మారండి.

ప్రశ్న: ప్యానెల్‌ని గోడకి ఎలా ఎక్కించాలి? అగరుబత్తి పొగ పడితే?
– ఒక విహార నిర్వాహకుడు, విజయవాడ

జవాబు: 2 సెంటీమీటర్ల మందం స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) చదరపు మీటరుకి 40–45 కిలోలు తూగుతుంది, పైకి లేచిన రేకుల బరువు అదనం. సున్నం వేసిన గోడ మీద అంటించొద్దు, ప్లాస్టర్ దాకా గీకండి. పలక వెనక గ్లేజ్ లేకుండా గాళ్ళు ఉండాలి. పాలిమర్ కలిసిన టైల్ అడ్హెసివ్ గోడకీ పలకకీ రెండింటికీ రాసి, కింది వరస నుంచి పైకి రండి. దుద్దు లాంటి బరువైన ముక్కలకి స్టెయిన్‌లెస్ స్క్రూ కూడా ఉండాలి. రంధ్రం పచ్చిగా ఉన్నప్పుడే, కుంచింపు లెక్కేసుకుని పెట్టండి. పలకల మధ్య 2–3 మిల్లీమీటర్ల సందు వదలండి.

పొగమసి గ్లేజ్ మీద గోరువెచ్చటి సబ్బునీళ్ళకి పోతుంది. గ్లేజ్ లేని చోట ఇంకిపోయి మిగులుతుంది కాబట్టి బత్తీలు పెట్టే వైపు రేకులన్నిటికీ గ్లేజ్ వేయండి. యాసిడ్ మాత్రం వాడకండి, సందుల్లోని గ్రౌట్‌ని తినేస్తుంది.