‘ఎందుకు’ అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఫార్మసీ పూర్తి చేసింది. పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్ (నాణ్యత చూసే) విభాగంలో ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ. ఇంటర్వ్యూలో ‘మాత్రల పైభాగం ఊడిపోతోంది, కారణం ఎలా కనుక్కుంటావు?’ అని అడిగారట. ‘ఎందుకు అని అడుగుతూ పోతాను’ అందట, తీసుకున్నారట. ఇదీ ఒక ఉద్యోగమేనా? మా తోడల్లుడి కొడుకు గచ్చిబౌలిలో బిజినెస్ అనలిస్టు. అందుకే అమ్మాయిని బిజినెస్ అనలిటిక్స్‌లో చేర్పిద్దామని అమీర్‌పేటలో అడ్వాన్సు కట్టాను. మూడు నెలల కోర్సు, సిక్స్ సిగ్మా బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు. 2025లో అటువైపు జరిగిన పేలుడు తర్వాత ఇంట్లో ఆడవాళ్లు కూడా భయపడుతున్నారు. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: పోల్చి చెప్తాను. అయితే ఈ ప్రశ్న నాకు కొత్త కాదండి. ఫార్మసీ చదివిన పిల్లల తల్లిదండ్రులు ఏటా అడిగేదే. బంధువు మారతాడు, కోర్సు పేరు మారుతుంది, అంతే. ఒకప్పుడు మెడికల్ కోడింగ్ అన్నారు, తర్వాత క్లినికల్ డేటా అన్నారు, ఇప్పుడు అనలిటిక్స్ అంటున్నారు.

ముందు మీరు తేలిగ్గా తీసిపారేసిన ఆ జవాబు సంగతి చూద్దాం. మీ అమ్మాయి చెప్పినది జపాన్‌లో టొయోటా సంస్థ ప్రపంచానికి నేర్పిన పద్ధతి. మగ్గాలు తయారు చేసిన సకిచి టొయోడా దానికి ఆద్యుడంటారు. కార్ల కర్మాగారంలో దాన్ని రోజువారీ అలవాటుగా మార్చింది తైచీ ఓనో. ఓనో చెప్పిన ఉదాహరణ ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. యంత్రం ఆగింది, ఎందుకంటే ఫ్యూజు పోయింది. ఫ్యూజు పోవడానికి కారణం బేరింగుకు నూనె అందక లోడు పెరగడం. నూనె అందకపోవడానికి కారణం పంపు సరిగా తోడకపోవడం. పంపు తోడకపోవడానికి కారణం దాని ఇరుసు అరిగిపోవడం. ఇరుసు అరగడానికి కారణం జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోవడం. ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటే ఆ యంత్రం మళ్లీ ఆగుతుంది.

ఇక మీ అమ్మాయిని అడిగిన మాత్రల దగ్గరకు వద్దాం. మాత్రల గట్టిదనం చూడటానికి వాటిని ఫ్రయబిలిటీ డ్రమ్ములో వేసి వంద చుట్లు తిప్పుతారు. బరువు ఒక శాతానికి మించి తగ్గకూడదు, ఒక్క మాత్ర కూడా విరగకూడదు. తిప్పి చూస్తే కొన్ని మాత్రల పైభాగం పెచ్చులా ఊడి వచ్చిందనుకోండి. ఎందుకు? గ్రాన్యూల్స్, అంటే మాత్రగా నొక్కే ముందు మందు పొడిని చేసే గుళికలు, మరీ ఎండిపోయి, యంత్రం నొక్కినప్పుడు వాటికి పట్టు చిక్కలేదు. ఎందుకు ఎండాయి? డ్రయ్యర్‌లో ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు ఉన్నాయి. ఎందుకు ఉంచారు? తేమ చూసే పరికరం పక్క బ్లాకులో ఉంది. శాంపిల్ అక్కడికి వెళ్లి ఫలితం వచ్చేదాకా ఆపరేటరు డ్రయ్యర్ ఆపలేదు. ఎందుకు ఆపలేదు? తయారీలో ఏది ఎలా చేయాలో రాసి ఉండే బ్యాచ్ రికార్డులో ఆపమని లేదు. ‘తేమ 2 శాతానికి మించరాదు’ అని మాత్రమే ఉంది. ఎంతకు తగ్గకూడదో ఎవరూ రాయలేదు.

ఆపరేటరు తప్పు ఎక్కడుందో చెప్పండి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. కానీ చాలా చోట్ల ఈ దర్యాప్తు రెండో ‘ఎందుకు’ దగ్గరే ఆగిపోతుంది. ‘ఆపరేటరు పొరపాటు, మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అని రాసి ఫైలు మూసేస్తారు. తర్వాతి బ్యాచ్‌లో మళ్లీ అదే మాత్ర, అదే పెచ్చు. అందుకే యూరప్ దేశాల మందుల తయారీ నియమావళి మొదటి అధ్యాయంలోనే దీని గురించి హెచ్చరిక ఉంది. మానవ తప్పిదమే కారణమని తేల్చాలంటే పద్ధతిలోనూ వ్యవస్థలోనూ లోపం లేదని ముందు చూసుకుని, ఆ తేల్చిన మాటను సమర్థించుకోవాలి. అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో మందుల తయారీకి సంబంధించిన 21 సీఎఫ్‌ఆర్ 211.192 ప్రకారం, సరుకు అప్పటికే బయటికి వెళ్లిపోయినా సరే, తేడా వస్తే పూర్తిగా దర్యాప్తు చేయాల్సిందే. ఆ దర్యాప్తు ఇతర బ్యాచ్‌లకు కూడా విస్తరించాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న కంపెనీలు ఆ దేశాలకు మందులు అమ్ముకోవాలంటే ఈ ‘ఎందుకు’ సరిగ్గా అడిగే మనిషి కావాలి. కాబట్టి, అవునండి, అది ఉద్యోగమే.

అయితే ఒక చిక్కు ఉంది. ‘ఎందుకు’ అని ఎవరైనా అడగగలరు, వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చడమే కష్టం. పెచ్చు ఊడటానికి గ్రాన్యూల్స్ ఎండిపోవడమే కారణం కానక్కరలేదు. మాత్రను నొక్కే పంచ్‌లు అరిగి ఉండొచ్చు, యంత్రాన్ని మరీ వేగంగా నడిపి ఉండొచ్చు, గ్రాన్యూల్స్‌లో సన్నటి పిండి ఎక్కువై ఉండొచ్చు. ఒకే దారిలో ‘ఎందుకు’లు పేర్చుకుంటూ పోతే, మనిషి తనకు ముందే తెలిసిన కారణం దగ్గరికే చేరతాడు. ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు ‘మూల కారణాలు’ తేవడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి మెట్టు దగ్గరా ఆధారం అడగాలి: తేమ రీడింగు ఏది, పంచ్‌ల తనిఖీ రికార్డు ఏది, అంతకుముందు బాగా వచ్చిన బ్యాచ్‌లో ఆ అంకె ఎంత? ఇది అడగాలంటే మాత్ర ఎలా తయారవుతుందో తెలియాలి. నాలుగేళ్లు ఫార్మసీ చదివిన అమ్మాయికి ఆ పునాది ఉంది. దాన్ని పక్కనపెట్టి ఏమీ తెలియని రంగంలో ‘ఎందుకు’ అడగమని పంపిస్తున్నారు మీరు.

అనలిటిక్స్ మీద నాకున్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది. డేటా వెతికి తీసే ఎస్‌క్యూఎల్, దాన్ని బొమ్మలుగా చూపే పవర్ బీఐ మంచి పనిముట్లే, నేర్చుకోవద్దని అనను. అవి అమ్మకాలు ఏ జిల్లాలో, ఏ నెలలో పడ్డాయో రంగుల బొమ్మ గీసి చూపిస్తాయి. ఎందుకు పడ్డాయో చెప్పవు. అది చెప్పాలంటే ఆ వ్యాపారం తెలిసిన మనిషి కావాలి. పైగా ‘బిజినెస్ అనలిస్టు’ అనే పేరు కింద ఒక్కో కంపెనీలో ఒక్కో పని. ఒకచోట సాఫ్ట్‌వేర్ బృందానికి ఏం కావాలో రాసిపెట్టడం, ఇంకోచోట రోజంతా ఎక్సెల్ రిపోర్టులు పంపడం. మీ తోడల్లుడి అబ్బాయి అసలు ఏం చేస్తాడో అతన్ని ఒక్కసారైనా అడిగారా? జీతం అడిగి ఉంటారు, పని అడిగి ఉండరు. ఆ అబ్బాయి ఏం చదివాడో, ఆ కుర్చీలోకి రావడానికి ముందు ఏం పని చేశాడో కూడా మీ ఉత్తరంలో లేదు. అది తెలియకుండా మీ అమ్మాయిని అతనితో ఎలా పోల్చమంటారు?

ఇక బ్లాక్ బెల్ట్. సిక్స్ సిగ్మా అంటే తయారీలో లోపాలు తగ్గించే పద్ధతి, 1986లో మోటరోలాలో పుట్టింది. అందులో నైపుణ్యం స్థాయిలకు బెల్టులని పేరు. దాని బెల్టులను ఇచ్చే ఏకైక అధికార సంస్థంటూ ఏదీ లేదు, ఎవరైనా అచ్చువేసి ఇవ్వొచ్చు. ఈ రంగంలో పేరున్న అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ దిగువన ఉండే గ్రీన్ బెల్ట్ పరీక్షకే మూడేళ్ల పని అనుభవం అడుగుతుంది. బ్లాక్ బెల్ట్‌కైతే పూర్తిచేసిన ప్రాజెక్టు కూడా చూపించాలి. ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయని అమ్మాయికి మూడు నెలల్లో బ్లాక్ బెల్ట్ ఇస్తామనేవాళ్లకు మీరు డబ్బు కట్టారు. కోపం రావచ్చు గానీ ఇది నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు? ఆ బెల్టు నిజంగా కావాలంటే దారి కూడా ఆ క్వాలిటీ విభాగంలోంచే ఉంది.

క్వాలిటీ ఉద్యోగం పూలబాట అనడం లేదు. కాగితాల పని విపరీతం. దర్యాప్తులకు గడువు ఉంటుంది. ప్రొడక్షన్ వాళ్లు ‘ఆపరేటరు పొరపాటు అని రాసెయ్యండి మేడమ్’ అని వెంటపడతారు. మొదటి రెండేళ్లు జీతం నిజంగానే తక్కువ. కానీ దర్యాప్తు నివేదికలు సొంతంగా రాసిన పిల్లలు వ్యాలిడేషన్, ఆడిట్లు, రెగ్యులేటరీ విభాగాల వైపు వెళ్లడం చూస్తూనే ఉన్నాను. కావాలనుకుంటే అప్పుడు అనలిటిక్స్ నేర్చుకోవచ్చు, చేతిలో అడగదగ్గ ప్రశ్నలుంటాయి. మీరు అడిగిన పోలిక ఇంతే. ఇంతకన్నా లెక్కలు వేసి చూపినా మీ మనసు కుదుటపడదని నాకు అనుమానం.

ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు మాట చివర్లో ఉంది. ‘ఆడవాళ్లు కూడా భయపడుతున్నారు’ అని రాశారు. ‘కూడా’ అంటే ఇంకెవరో ఉన్నారన్నమాట. భయపడేది మీరు కాదా? 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. ఆ తర్వాత అటువైపు కూతుర్ని పంపడానికి ఏ తండ్రికైనా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ భయాన్ని జీతం మాటున, తోడల్లుడి కొడుకు మాటున దాచి అమ్మాయికి చెప్తే, తన చదువు మీదా తెలివి మీదా నాన్నకు నమ్మకం లేదని ఆమె అనుకుంటుంది. భయమైతే భయమనే చెప్పండి.

భయానికి మందు కోర్సు కాదు, విచారణ. ఇంటర్వ్యూ ప్రశ్నను బట్టి చూస్తే అది మాత్రలు చేసే యూనిట్‌లా ఉంది. మాత్రల్లో వాడే అసలు మందును రసాయనాల నుంచి తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో రియాక్టర్లు, సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు) ఉంటాయి, అక్కడ అగ్ని ప్రమాదం ముప్పు సాధారణంగా ఎక్కువ. అలాగని మాత్రల యూనిట్‌లో ముప్పు లేదని కాదు, ఆరబెట్టే చోట పొడి కూడా అంటుకోగలదు. కాబట్టి చేరేముందు అమ్మాయి చేత అడిగించండి: అదే ఆవరణలో బల్క్ డ్రగ్ తయారీ ఉందా, మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు జరిగింది, కాంట్రాక్టు కార్మికులకు కూడా శిక్షణ ఇస్తారా, రాత్రి షిఫ్టు ఉంటే బస్సు గేటు దగ్గర వదిలేస్తుందా, ఇంటి దాకా వస్తుందా? జవాబులు దాటవేస్తే ఆ కంపెనీ వద్దు, ఇంకో కంపెనీలో ఇదే విభాగం చూసుకోవచ్చు.

అడ్వాన్సు సంగతి. రసీదు వెనుక వాపసు నిబంధన ఉంటుంది, చదివి ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. తిరిగి రాకపోతే పోనివ్వండి, దాన్ని కాపాడుకోవడానికి మిగతా ఫీజు మాత్రం కట్టకండి. ఆఫర్ లెటర్‌కు జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలో మీరు రాయలేదు. ఆ తేదీ చూసుకుని, జవాబు అమ్మాయి చేతే రాయించండి.